నల్లకోడికి వేసిన కుట్లు

పిండిమర వెనక వంటింట్లోంచి,
జూన్ 6

చిన్నమ్మకి,

నా రాత చూసి నవ్వకు. ఐదో తరగతి తర్వాత పలక ముట్టుకున్నది లేదు. కలం పట్టుకుంటే వేళ్లకి చెమటలు పడుతున్నాయి. ఒత్తు ఎక్కడ పోయిందో, దీర్ఘం ఎక్కడ ఎక్కువైందో నువ్వే సర్దుకుని చదువుకో. ఫోను చేద్దామంటే అది ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. మిల్లులో నిలబడి మాట్లాడితే పిండి పట్టించుకోడానికి వచ్చినవాళ్లందరూ వింటారు. పదిమందిలో నాకు నోరు పెగలదని నీకు తెలిసిందే.

సంగతేమిటంటే, మా నల్లకోడిని ఏదో జంతువు కరిచింది. నిన్న పొద్దున గూడు తలుపు తీసి, అత్తయ్యకి వేణ్ణీళ్లు పెట్టడానికి లోపలికి వెళ్లాను. కోళ్ల గోల వినిపించి పరిగెత్తుకొచ్చేసరికి పెరడంతా నల్ల ఈకలు. అది గోడ మూల బకెట్ వెనక దూరి ఉంది. చచ్చిపోయిందనుకుని చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. గుండె నా వేలి కింద టకటకా కొట్టుకుంటోంది. వీపు మీద చర్మం లేచిపోయి లోపలి కండ కనిపిస్తోంది.

ఈయన వచ్చి చూశారు. మా ముందు గదిలో అద్దెకుంటారని రాశానే, కుట్టుమిషన్లు బాగుచేసే తాత, ఆయనకో ముసలి కుక్క ఉంది. అందరూ దాన్ని ముసల్ది అనే పిలుస్తారు. "ఇది ముసల్దాని పనే" అన్నారు ఈయన. తాత నూనె చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "దాని నోట్లో పళ్లు లేవు బాబూ. బన్నుముక్క కూడా పాలలో నానబెట్టి పెడతాను."

"పళ్లు లేకపోతే పోయాయి, గోళ్లు లేవా? మా దొర కట్టేసే ఉన్నాడు. మరి ఆకాశంలోంచి ఊడిపడి కరిచిందా?" అన్నారు ఈయన. దొర అంటే మా కుక్క. ఈయన కూనప్పటి నుంచి పెంచుకున్నది. చివరికి, "కోడి బతికిందా, సరే. చచ్చిందంటే మాత్రం ఆ కుక్క ఇక్కడ ఉండకూడదు. కుక్కే కావాలంటే గది చూసుకో" అని మిల్లులోకి వెళ్లిపోయారు.

తాత నా వైపు చూశారు. నేను తలొంచుకుని ఈకలు ఏరుకున్నాను.

నువ్వు పగలంతా కోళ్ల మధ్యే ఉంటావు. దీన్ని ఎలాగైనా బతికించే దారి చెప్పు. ఎలాగైనా బతకాలి చిన్నమ్మా, ఎలాగైనా. ముసల్దానికి ఇంకో చోటు లేదు, తాతకీ లేదు.

ఈ ఉత్తరం తాతే పోస్టులో వేస్తానన్నారు. జవాబు ఆయన గదికే రాయి. పోస్టుమాన్ ఎలాగూ అక్కడే ఆగుతాడు.

నీ
బుల్లి


కోళ్లఫారం, మూడో షెడ్డు
జూన్ 11

బుల్లీ,

నీ రాత కోడి గీకినట్టు ఉంది. కోళ్లతో బతికేదాన్ని కాబట్టి నాకు చదవడం సులువే అయింది.

ముందు నిజం చెప్తాను. మా షెడ్డులో ఇలాంటిది కనబడితే మెడ తిప్పి బకెట్లో పడేస్తాం. ఆరువేల కోళ్లలో ఒకదాని పక్కన ఎవరు కూర్చుంటారు? కానీ నువ్వు ఎలాగైనా, ఎలాగైనా అని మూడుసార్లు రాశావు. అంచేత విను.

నీళ్లు మరిగించి, ఉప్పు వేసి, చల్లారాక గాయం కడుగు. చుట్టూ ఉన్న ఈకలు కత్తెరతో కత్తిరించు, పీకావంటే చర్మం ఊడొస్తుంది. ఈగ వాలనివ్వకు. వాలిందంటే రెండో రోజుకల్లా పురుగే. పొద్దునా సాయంత్రమూ వెలుతురులోకి తెచ్చి చూడు, పురుగు కనబడితే ముల్లు తీసే పట్టకారుతో ఒక్కోటీ ఏరెయ్యి. అసహ్యపడకు, నీ ముక్కు నేను ఇంతకంటే ఎక్కువసార్లు తుడిచాను. చీకటిగా ఉండే పెట్టెలో పాత గుడ్డ వేసి పడుకోబెట్టు. ముక్కు తెరిచి నీళ్లు పొయ్యకు, ఊపిరి ఆగి చస్తుంది. ముక్కు పక్కన ఒక చుక్క వెయ్యి, బతకాలని ఉంటే అదే తాగుతుంది.

మిగతా కోళ్లలోకి మాత్రం పంపకు. ఎర్రగా కనబడితే చాలు, తోటివే పొడిచి చంపుతాయి. మా దగ్గర రోగంతో పోయినవాటికంటే తోటివి పొడిస్తే పోయినవే ఎక్కువ. మందుల షాపులో ఊదా మందు దొరుకుతుంది. అది పూస్తే ఎరుపు కనబడదు.

ఇంతకీ కరిచింది ఏది? మెడ మీదా, వీపు మీదా? పంటిగాట్లు ఎన్ని? వాటి మధ్య ఎంత ఎడం ఉందో వేళ్లతో కొలిచి రాయి.

చిన్నమ్మ


వంటింట్లోంచి,
జూన్ 16

చిన్నమ్మకి,

కోడి బతికే ఉంది. ఆ మాట ముందే రాసేస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చేలోపు మేమే ఒక పని చేశాం. తాత ఒక పాత మిషను మీద మూసే చెక్క మూత తెచ్చారు, లోపల కోడి సరిగ్గా పడుతుంది. "గాయం ఇలా నోరు తెరుచుకుని ఉంటే ఎలా మానుతుంది తల్లీ? కుట్టేద్దాం" అన్నారు. వంకర సూది ఒకటి మంట మీద కాల్చి, పట్టుదారం ఎక్కించి ఇచ్చారు. ఆయన చేతులు వణుకుతాయి కదా, కుట్టింది నేనే. ఆయన కోడిని గుడ్డలో చుట్టి పట్టుకున్నారు. సూది దిగిన మొదటిసారి అది అరవలేదు, కళ్లు మూసుకుంది. అరిచినా బాగుండేది. పదకొండు కుట్లు వేశాను. తాత కళ్లజోడు పైకి తోసి చూసి, "రవిక మీద కూడా ఇంత సన్నగా ఎవరూ కుట్టరు" అన్నారు. ఎక్కడా సందు లేకుండా మూసేశాం.

అత్తయ్య గుమ్మంలో కూర్చుని చూస్తూనే ఉంది. "కోడికి పురుడు పోస్తున్నావా? నాకు మోకాలు నొప్పి అంటే మాత్రం నూనె సీసా ఎక్కడుందో కనబడదు" అంది. కానీ పాత చీర చింపి ఇచ్చింది కూడా అత్తయ్యే.

నువ్వు అడిగినవి. మెడకి ఏమీ కాలేదు. వీపు మీదే. చర్మం బట్ట జారినట్టు ఒక పక్కకి జారిపోయింది. తోక ఈకలు అన్నీ పోయాయి. కుడిపక్క రెండు చిల్లులు, ఎడమపక్క రెండు. మధ్యలో నా నాలుగు వేళ్లు పట్టాయి. లోతుగా ఉన్నాయి, వాటినీ కుట్టేశాను.

తాత రోజుకి నాలుగుసార్లు వచ్చి పెట్టె దగ్గర కూర్చుంటారు. ముసల్ది ఆయన వెనకాలే వచ్చి పెట్టెకి ఆనుకుని పడుకుంటుంది. దానికి ఒక కన్ను కనబడదు. కోడి లోపల కదిలితే చెవి ఆడిస్తుంది, అంతే.

కానీ రెండు రోజుల నుంచి కోడి తల వాల్చేస్తోంది. వీపు పొంగింది. పట్టుకుంటే కాలుతోంది. ఏం చెయ్యమంటావు?

బుల్లి


మూడో షెడ్డు,
జూన్ 20

బుల్లీ,

నిన్నూ ఆ మిషను తాతనీ పక్కపక్కన నిలబెట్టి చెరో మొట్టికాయ వెయ్యాలి. చిరిగింది కనబడితే చాలు, కుట్టేయడమేనా? అది గుడ్డా? పంటి గాయాన్ని ఎవరైనా మూసి కుడతారా? పళ్ల మురికంతా లోపలే ఉండిపోయింది. చీము ఎటు పోతుంది? ఈ కాగితం కింద పెట్టి వెంటనే కుట్లు కత్తిరించు. పదకొండూ. నొక్కి చీమంతా తీసి, ఉప్పునీళ్లతో కడిగి, తెరిచే వదిలెయ్యి. చూడ్డానికి బాగోదు. లోపలి నుంచి అదే పూడుతుంది, నెల పట్టినా సరే. ఊదా మందు పుయ్యి.

ఇక రెండో సంగతి.

పిల్లి అయితే మెడ పడుతుంది. ముంగిస అయితే గొంతు కొరికి రక్తం తాగి వదిలేస్తుంది. వీపు పట్టుకుని విదిలించేది కుక్క. నాలుగు వేళ్ల దవడ అంటే పెద్ద కుక్క, అన్ని పళ్లూ ఉన్న కుక్క. మీ తాత కుక్క బన్నుముక్క నానబెడితే తప్ప తినదని నువ్వే రాశావు.

ఆ పొద్దున దొర ఎక్కడున్నాడని నేను అడగను. నువ్వూ రాయకు. నీకు పెళ్లయి ఏడాది కాలేదు. ఆ ఇంట్లో బతకాల్సింది నువ్వు, నేను కాదు, తాతా కాదు. కోడిని బతికించు, చాలు. కోడి బతికితే ఎవరికీ ఏమీ కాదు. నోరు మాత్రం తెరవకు.

చిన్నమ్మ


వంటింట్లోంచి,
జూన్ 27

చిన్నమ్మా,

కుట్లు కత్తిరించాను. ఎంత చీము వచ్చిందో రాస్తే నువ్వు అన్నం తినలేవు. అత్తయ్య ముక్కు మూసుకుని కూడా దీపం పట్టుకుని నిలబడింది. మర్నాడు సాయంత్రానికి కోడి తల ఎత్తింది. మూడో రోజు నా అరచేతిలోంచి నూకలు పొడుచుకుంది. నాకు ఏడుపొచ్చింది. తాత పెట్టె పక్కన చతికిలబడి, "తిన్నదా? ఎన్ని తిన్నది?" అని చంటిపిల్ల గురించి అడిగినట్టు అడిగారు. "తిన్నదిలే, ఇక నువ్వు హాయిగా పడుకో" అని ముసల్దాని వీపు తట్టారు.

నువ్వు రాయొద్దన్నావు. రాయకుండా ఉండలేకపోతున్నాను. పొద్దున నా పనికి ఒక వరస ఉంది. ముందు దొరని కట్టాలి, తర్వాత గూడు తియ్యాలి. కాపురానికి వచ్చిన రోజే ఈయన అది నేర్పారు. ఆ రోజు ఆలస్యంగా లేచాను. అత్తయ్య వేణ్ణీళ్ల కోసం పిలుస్తోంది. గూడు ముందు తీసేశాను. బయటికొచ్చేసరికి దొర నోట్లో నల్లకోడి ఉంది. తల అటూ ఇటూ విదిలిస్తున్నాడు. చేతిలో చెంబు విసిరాను. దాన్ని వదిలేసి పక్క సందులోంచి వీధి వైపు పరిగెత్తాడు. కాసేపటికి వాడే వచ్చి వాడి చోట పడుకున్నాడు. నేను గొలుసు తగిలించాను. అప్పుడు ఈయన వచ్చారు.

దొర కట్టేసే ఉన్నాడని ఈయన అన్నప్పుడు ఒక్క మాట, "ఇప్పుడే కట్టాను" అంటే సరిపోయేది. ఆ మాట అనలేదు. ఆయన తిడతారని కాదు. ఆయన తిట్టరు. మాట్లాడటం మానేస్తారు. పోయిన నెల చారులో ఉప్పు మరిచిపోతే నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో నేను లేనట్టే నడిచారు.

నీ ఉత్తరం వచ్చిన రోజే తాత దగ్గర చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. ఆయనే దాన్ని తెచ్చి ఇచ్చారు. అంటించింది అంటించినట్టే ఉంది. అందులో ఏముందో తెలియక, "చిన్నమ్మ ఏమంది తల్లీ, బతుకుతుందందా?" అని అడిగారు. అవునన్నాను. నాకు చెప్పాలని ఉంది. చెప్పనా?

బుల్లి


మూడో షెడ్డు,
జూలై 2

వద్దు.

తాతకి చెప్తే తాత మన అల్లుణ్ణి అడుగుతాడు. అల్లుడు నిన్ను అడుగుతాడు. అప్పుడు కుక్క సంగతి పోయి, ఇన్నాళ్లూ ఎందుకు దాచావన్న సంగతి వస్తుంది. నాలుగు రోజులు మాట్లాడకపోతేనే ఇలా రాశావు, నాలుగేళ్లు మాట్లాడకపోతే ఏం చేస్తావు? ఇక్కడికొచ్చేద్దామనుకుంటే నా గది నీకు తెలుసు, ఒకళ్లు పడుకుంటే రెండోవాళ్లు కూర్చోవాలి.

ఎవరైనా గట్టిగా అడిగితే తలూపు. మాట చెప్పనక్కర్లేదు. తలూపితే అబద్ధం అవదు.

కోడికి ఊదా మందు ఆపకు.

చిన్నమ్మ


పెరట్లోంచి,
జూలై 19

చిన్నమ్మకి,

నల్లకోడి పూర్తిగా కోలుకుంది. వీపు మీద ఈకలు రాలేదు కానీ చర్మం పూడింది. పదిరోజుల కిందట మిగతావాటిలో వదిలాను. వీపంతా ఊదారంగు. మిగతావి తలలు వంచి చూశాయి, ఒక్కటీ పొడవలేదు. అత్తయ్య, "ఏదో పెళ్లికి తయారైనట్టుంది" అని చాలా రోజులకి నవ్వింది. తాత తన బన్నులో సగం తుంచి దానికి వేశారు. ఆ రోజు మాత్రం నువ్వు చెప్పిందే నిజం, ఎవరికీ ఏమీ కాలేదనుకున్నాను.

మంగళవారం పొద్దున నేను వరస తప్పలేదు. దొరని కట్టాకే గూడు తీశాను. మిల్లుకి వెళ్తూ ఈయన దొర మెడ కింద నిమిరారు. "గొలుసు ఒరుసుకుపోయి వెంట్రుకలు ఊడిపోతున్నాయి పాపం" అని విప్పేసి వెళ్లిపోయారు. కోళ్లు బయటే ఉన్నాయి. నేను బట్టలు ఉతుకుతూ పక్కనే ఉన్నాను. "విప్పకండి" అని అనాలి కదా. ఎందుకంటే చెప్పాలి కదా. సబ్బు పట్టుకుని అలాగే కూర్చున్నాను. లేచి నల్లకోడిని మాత్రం ఎత్తుకొచ్చి బుట్ట కింద మూశాను. మిగతావాటి కోసం రెండోసారి వెళ్లేలోపే అయిపోయింది.

ఈసారి తెల్లది. ఇది బతకలేదు. కాలవ పక్కన పడి ఉంది. అత్తయ్య వచ్చింది, ఈయన వచ్చారు, తాతా వచ్చారు. తాత కాళ్ల వెనక ముసల్ది. అది తోక ఊపుతూ వచ్చింది, ఇంతమంది ఒక్కచోట ఎందుకున్నారో దానికేం తెలుసు.

"నువ్వు ఇక్కడే ఉన్నావుగా. ఎవరే, చూశావా?" అంది అత్తయ్య.

"మళ్లీ ముసల్దే కదా?" అన్నారు ఈయన. నా మొహంలోకే చూస్తూ అడిగారు.

తలూపాను. నువ్వు చెప్పినట్టే చేశాను చిన్నమ్మా. తాత కూడా చూశారు.

"సాయంత్రానికి అది ఇక్కడ ఉండకూడదు" అన్నారు ఈయన. తాత పళ్ల మాట ఎత్తలేదు. కోడి పడుకున్న చెక్క మూతనే సైకిలు వెనక కట్టి, అందులో పాత గుడ్డ పరిచి, ముసల్దాన్ని కూర్చోబెట్టారు. దానికి సైకిలు ఎక్కడం ఇష్టమట, నోరు తెరుచుకుని గాలికి ఎదురుగా చూస్తూ వెళ్లింది. ఇటుకబట్టీల దగ్గర కాపలావాడికి ఒప్పజెప్పి, వారానికి సరిపడా బన్నులు ఇచ్చి వచ్చారు. చీకటి పడకముందే తిరిగొచ్చి, ఖాళీ మూత వంటింటి గుమ్మం దగ్గర పెట్టి, "కోడికి మళ్లీ ఎప్పుడైనా కావాలేమో, ఉంచుకో తల్లీ" అన్నారు.

తలూపితే అబద్ధం అవదన్నావు. అయింది.

బుల్లి


మూడో షెడ్డు,
జూలై 24

బుల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీ మీద కోపం లేదు. నా సంగతి ఒకటి నీకు ఎప్పుడూ చెప్పలేదు.

పదకొండేళ్ల కిందట నేను రెండో షెడ్డులో ఉండేదాన్ని. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే షెడ్డు పక్క పరదాలు ఎత్తి, పైకప్పు మీద నీళ్లు చల్లాలి. ఆ రోజు నేను దాణా బస్తాల మీద నిద్రపోయాను. లేచేసరికి నాలుగువందల కోళ్లు ముక్కులు తెరుచుకుని పడి ఉన్నాయి. ఇంకా కొన్ని రెక్కలు కొట్టుకుంటున్నాయి. మేనేజరు వచ్చి, "ఈ పూట పరదాలు ఎవరివి?" అన్నాడు. నాతో పనిచేసే ఆవిడ, ఇద్దరం ఒకే గిన్నెలో తినేవాళ్లం, అప్పుడే నీళ్లు తాగి వస్తోంది. ఆయన ఆమె వైపు చూపించి, "ఈవిడవా?" అని నన్ను అడిగాడు. నేను నేల చూశాను. ఆ సాయంత్రమే ఆమెని పంపేశారు.

అప్పుడు నువ్వు నా దగ్గర ఉన్నావు. మీ అమ్మ పోయి ఏడాది. ఈ పని పోతే నీకేం పెడతాననుకున్నాను. ఆ మాట నిజమే. కానీ అదొక్కటే నిజం కాదు. నాకు భయం వేసింది.

ఆమె ఇప్పుడు కంకర కొడుతోంది. సంతలో కనబడుతుంది. కనబడినప్పుడల్లా నీ గురించి అడుగుతుంది, "పిల్ల బాగుందా?" అని. బాగుందని చెప్పి తొందరగా నడిచేస్తాను. పదకొండేళ్లుగా తొందరగానే నడుస్తున్నాను.

ఎవరికీ ఏమీ కాదని నీకు రాశాను. నాకేమీ కాలేదు కాబట్టి రాశాను. ఏమీ కాకపోవడం అంటే ఇలా ఉంటుంది.

అల్లుడికి చెప్పమని నేను అనలేను, ఆ ధైర్యం నీకు ఇచ్చేటంత ధైర్యం నాకు లేదు. తాతకి చెప్పు. వెళ్లి ఆ కుక్కని తెచ్చుకోమను. ఎక్కడైనా దాచుకోవచ్చు. ఆలస్యం చెయ్యకు.

చిన్నమ్మ


పోస్టాఫీసు అరుగు మీద నుంచి,
ఆగస్టు 3

చిన్నమ్మా,

నీ ఉత్తరం వచ్చేసరికే ఆలస్యమైపోయింది. ముసల్ది బట్టీల దగ్గర రెండు రోజులు ఉండి, మూడో రోజు బయల్దేరింది. ఒక కన్నుతో, ఆ కాళ్లతో, అంత దూరం ఎలా నడిచిందో. మా వీధి మలుపు ఉంది కదా, అక్కడి దాకా వచ్చేసింది. అక్కడ లారీ కింద పడింది. బన్నుల బండి అబ్బాయి గుర్తుపట్టి చెప్తే, తాత వెళ్లి మిషను మీద కప్పే గుడ్డలో చుట్టి తెచ్చారు. పెరటి గోడ అవతల గొయ్యి ఆయనే తవ్వారు. ఈయన గోడ మీద నుంచి చూసి, "పోనీలే, దాని రోజులు అయిపోయాయి" అన్నారు. అత్తయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

పోయిన వారం ఒక మధ్యాహ్నం ఈయన మిల్లుకి బెల్టు కొనడానికి వెళ్లారు. అత్తయ్య నిద్రపోయింది. నేను తాత గదికి వెళ్లాను. పెళ్లయ్యాక మా గడప దాటి ఒక్కదాన్నే ఒక మగమనిషి గదిలోకి వెళ్లడం అదే మొదటిసారి. గోడకి మేకుల నిండా తోలు బెల్టులు, డబ్బాల్లో బాబిన్లు, సూదులు. బల్ల కింద పాలగిన్నె అలాగే ఉంది. కడిగి బోర్లించారు. తాత ఒక మిషను విప్పుకుని పళ్లచక్రాలకి నూనె వేస్తున్నారు.

చెప్పాను. ఎన్ని వారాలు నోట్లో తిప్పుకున్న మాటో. "రెండుసార్లూ దొరే తాతా. రెండుసార్లూ నేను చూశాను" అన్నాను. అంతే వచ్చింది.

ఆయన నూనె వెయ్యడం ఆపలేదు. "తెలుసు తల్లీ" అన్నారు.

"నువ్వొక్కదానివే చూశావని కూడా తెలుసు. ఇవాళ చెప్తావేమో, రేపు చెప్తావేమో అని చూశాను. కోడి పక్కన నువ్వు కూర్చున్న తీరు చూస్తే ఎప్పుడో ఒకరోజు చెప్తావనే అనిపించింది. నువ్వు తలూపాక ఇక చూడటం మానేశాను."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏడవగలిగేదాన్ని.

మరి మీరే ఎందుకు చెప్పలేదు అని అడిగాను. ఆయన లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. "మొదటి రోజు పొద్దున నేను కిటికీలోంచి చూశాను. బాబు వీధి కుళాయి దగ్గర దొర మూతి కడుగుతున్నాడు. నురగ కూడా ఎర్రగా ఉంది. శుభ్రంగా కడిగి, తువ్వాలుతో తుడిచి, లోపలికి తోలాడు. తర్వాత పెరట్లోకి వచ్చి మా ముసల్దన్నాడు. నేను చూసినట్టు ఆయనకి తెలీదు."

చిన్నమ్మా, ఈయనకి తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. నేను గొలుసు తగిలించానని కూడా తెలిసే ఉంటుంది, మూతి కడిగి వాణ్ణి లోపలికి వదిలింది ఆయనే కదా. మంగళవారం నా మొహంలోకి చూస్తూ అడిగింది తెలుసుకోడానికి కాదు. నేను ఎటువైపో చూసుకోడానికి.

నేను ఇప్పుడే వెళ్లి అందరి ముందూ చెప్తాను అన్నాను. నిజంగానే అన్నాను. చెప్పేదాన్ని కూడా, నాకు తెలుసు. తాత రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. అంత పెద్దాయన నాకు దణ్ణం పెట్టారు. "వద్దు తల్లీ. ఇప్పుడు చెప్తే అది లేచి వస్తుందా? నేను చూశానని తెలిసిందంటే బాబు నన్ను ఒక్క పూట ఉండనివ్వడు. డెబ్బైరెండేళ్లు నాకు. ఈ మిషన్లన్నీ నెత్తిన పెట్టుకుని ఏ వీధికి పోను? అప్పుడు మాట్లాడాల్సింది. ఇప్పుడు నా కోసం ఊరుకో. నాతో చెప్పినట్టు కూడా ఎవరికీ తెలియనివ్వకు. మాట ఇవ్వు."

ఇచ్చాను.

ఆ సాయంత్రం ఈయన వచ్చి చేతులకి నీళ్లు పొయ్యమన్నారు. పోశాను. ఆ చేతులే చూస్తూ పోశాను. "ఏంటలా చూస్తావు?" అన్నారు. ఏం లేదన్నాను. మర్నాడు నల్లకోడి మళ్లీ గుడ్డు పెట్టింది. అది తనకి వేయించమన్నారు. వేయించాను. పొద్దున దొరని కట్టి గూడు తీస్తున్నాను. ఆయన విప్పినప్పుడల్లా వెనకాలే వెళ్లి మళ్లీ కడుతున్నాను. ఏమీ అనను, కడతానంతే. ఆయనా ఏమీ అనడం లేదు. ఐదు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఈసారి నాకూ మాట్లాడాలని లేదు.

నువ్వు సంతలో ఆవిడ కనబడితే ఆగు. నేను చెప్పానని కాదు, ఊరికే ఆగు. అడుగుతుంది కదా, పిల్ల బాగుందా అని. నిజం చెప్పు.

ఈ ఉత్తరం తాత చేత వేయించలేదు. దారి అడుగుతూ నేనే వచ్చాను, పోస్టాఫీసులో కలం అడిగి తీసుకుని ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. చదవడం అవగానే పొయ్యిలో పెట్టు. బియ్యం డబ్బాలో దాచకు, దిండు కింద పెట్టకు. ఇది ఎవరి కంటైనా పడితే తాత వీధిన పడతారు. పూర్తిగా కాలిందాకా దగ్గరే నిలబడి చూడు. కాల్చేశాక కూడా కాల్చానని నాకు రాయకు.

బుల్లి